'బ్యాన్': చాటింపు నుంచి నిషేధం వరకు – ఒక అర్థవిపరిణామ పరిశీలన

1. ప్రస్తావన

తెలుగు వాక్యంలో అనువాదం అక్కరలేకుండానే చెల్లుబాటవుతున్న ఆంగ్ల పదాల్లో 'బ్యాన్' ఒకటి. సినిమాను బ్యాన్ చేయాలంటారు. ఆటగాడి మీద రెండేళ్ల బ్యాన్ పడిందంటారు. ప్లాస్టిక్ సంచులు బ్యాన్ అయ్యాయంటారు. రాతలో కొంత జాగ్రత్త అవసరమైన చోట పత్రికలూ పాఠ్యగ్రంథాలూ దీని స్థానంలో 'నిషేధం' అనే సంస్కృతసమాన్ని ఉంచుతాయి. ఒకటి మాటకు, మరొకటి రాతకు అన్న తేడా తప్ప రెండింటి అర్థం ఒకటేనన్న భావం మనలో స్థిరపడింది.

ఈ సమీకరణం ఎంతవరకు నిలుస్తుందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. 'బ్యాన్' పుట్టుకలో వద్దనడం లేదు, చాటడం ఉంది. నలుగురికీ వినబడేలా అధికారం పలికే పలుకుకు అది పేరు. ఆ పలుకు క్రమంగా ఆజ్ఞగా, శాపంగా, వెలిగా మారి, చివరకు నేటి అర్థానికి చేరింది. ఈ ప్రయాణంలో చాటింపు అన్న అంశం పదం అడుగున పడిపోయినా పూర్తిగా నశించలేదు. నిషేధించేవారిని జవాబు చెప్పవలసిన స్థితిలో నిలబెట్టేది ఆ అంశమే. తెలుగు 'నిషేధం' కూడా శాస్త్రపరిభాషలో ఒకప్పుడు పలుకుకే పేరు. నేటి వాడుకలో అది ఆ సంగతిని మరచింది. ఆ మరపు వల్ల మన భాషలో ఏ తేడాలు చెరిగిపోతున్నాయో చూపడం ఇక్కడి ప్రయత్నం.

2. మూలార్థం: పలుకు

ప్రాచీన ఆంగ్లంలో 'బన్నన్' అనే క్రియకు పిలుచు, ఆజ్ఞాపించు, చాటు అనేవి అర్థాలు. దాని నుంచి ఏర్పడిన 'యెబన్' అనే నామవాచకానికి శాసనం, చాటింపు, పిలుపు అనే అర్థాలున్నాయి. పాత జర్మన్ మాండలికాల్లోనూ, పాత నార్స్ భాషలోనూ దీని సోదర రూపాలు కనిపిస్తాయి. తులనాత్మక భాషాశాస్త్రజ్ఞులు వీటన్నిటినీ 'మాట్లాడు' అనే అర్థం గల ఇండో యూరోపియన్ ధాతువుకు ముడిపెట్టారు. గ్రీకులో 'ఫేమి', లాటిన్‌లో 'ఫారి' ఆ ధాతువు నుంచి వచ్చినవే. ఆర్మేనియన్‌లో 'బన్' అంటే నేటికీ మాట అనే అర్థం. లాటిన్ శాఖ ద్వారా ఆంగ్లంలోకి వచ్చిన 'ఫేమ్' నలుగురి నోటా నానే కీర్తి. 'ఫేబుల్' చెప్పుకొనే కథ. 'ఫేట్' ముందే పలికి ఉంచిన విధి. 'ఇన్ఫంట్' ఇంకా మాటరాని శిశువు.

సంస్కృతంలోని 'భన్', 'భణ్' ధాతువులను కూడా పలువురు నిరుక్తకారులు ఈ కుటుంబంలోనే చేర్చారు. ఆ లెక్కన మన కావ్యభాషలోని 'భణితి', 'భణించు' అనే మాటలు 'బ్యాన్'కు దూరపు చుట్టాలు. కవి ఉక్తినీ కవి నోరు మూయించే ఉత్తర్వునూ సూచించే మాటలు ఒకే ధాతువు నుంచి వచ్చాయన్న విషయం గమనార్హం. నిషేధం మాటకు బయటినుంచి వచ్చిన శత్రువు కాదు. అధికారం తోడైన మాటే నిషేధమైంది.

ఇక్కడ ఒక పొరపాటును నివారించాలి. ధ్వనిసామ్యం వల్ల 'బ్యాన్'ను 'బంద్'తో కలిపి చూసే అలవాటు ఉంది. 'బంద్' పారశీకం నుంచి ఉర్దూ ద్వారా మనకు చేరింది. సంస్కృత 'బంధ'మూ, ఆంగ్ల 'బైండ్', 'బాండ్' పదాలూ దాని సగోత్రాలు. వాటి ధాతువుకు కట్టు అని అర్థం. దుకాణం బంద్ అయిందన్నా, దారి బంద్ చేశారన్నా అక్కడ జరిగింది మూసివేత. అది మాట లేకుండానే జరగవచ్చు. 'బ్యాన్'కు మాట తప్పనిసరి. నిర్బంధాన్ని సూచించే పదాలు ఏ భాషలోనైనా కట్టు, అడ్డు, తరుము, పలుకు వంటి వేర్వేరు మూలభావాల నుంచి పుడతాయి. ఏ మూలభావం నుంచి పుట్టిందన్నదాన్ని బట్టి ఆ పదం నిర్బంధంలోని ఒక్కొక్క పార్శ్వాన్ని ముందుకు తెస్తుంది.

3. అధికారపు పలుకు: అర్థవిస్తృతి

మధ్యయుగ ఫ్రాంకుల రాజ్యంలో ఈ పదం లాటినీకరణ పొంది 'బన్నుస్'గా రాజకీయ పరిభాషలో చేరింది. రాజుకున్న ఆజ్ఞాపించే అధికారానికీ, ఆ ఆజ్ఞను మీరినవారు చెల్లించవలసిన జరిమానాకూ అదే పేరు. కరోలింజియన్ కాలంలో రాజాజ్ఞోల్లంఘనకు విధించిన జరిమానా 60 సోలిదులు. ఆ అధికారం చెల్లే పరిధి కూడా క్రమంగా అదే పదంతో వ్యవహారంలోకి వచ్చింది. ఆజ్ఞ, దండన, పరిధి అనే మూడూ ఒకే మాటలో ఇమడడం యాదృచ్ఛికం కాదు. ఆజ్ఞ ఎంత దూరం చెల్లుతుందో అంతవరకే రాజ్యం, మీరితే దండన ఉన్నప్పుడే అది ఆజ్ఞ.

ఈ మూడు అర్థాల నుంచి ఫ్రెంచి, ఇటాలియన్, ఆంగ్ల భాషల్లో ఒక పదకుటుంబం విస్తరించింది. అధికారికంగా చాటి దేశం నుంచి వెళ్లగొట్టడం 'బ్యానిష్'. అలా చాటబడి చట్టం వెలుపల పడినవాడు ఇటాలియన్‌లో 'బందితో'; ఆంగ్లంలో 'బ్యాండిట్'గా మారి దారిదోపిడీగాడయ్యాడు. చాటింపుకు విరుద్ధంగా రవాణా అయ్యే సరుకు 'కాంట్రాబ్యాండ్'. ఇటాలియన్ రూపాల్లోని దకారానికి, గుర్తు లేదా సంకేతం అనే అర్థమున్న ఒక గోతిక్ పదంతో కలిగిన సాంకర్యం కారణమని చెబుతారు. ఇటాలియన్ 'బాందో' నేటికీ ఉద్యోగ ప్రకటన వంటి బహిరంగ ప్రకటనకు వాడుకలో ఉంది; మూలార్థం అక్కడ చెక్కుచెదరలేదు.

ఈ కుటుంబంలో 'బనాల్' కథ ప్రత్యేకమైనది. ఫ్రాన్సులో భూస్వామి అధీనంలోని పిండిమర, రొట్టెపొయ్యి, ద్రాక్షగానుగ వంటివాటిని అతని పరిధిలోని రైతులందరూ రుసుము చెల్లించి విధిగా వాడుకోవాలి. వేరొకచోట పిండి ఆడించుకోవడానికి వీల్లేదు. ఆ మరను 'బనాల్' మర అన్నారు. అందరూ వాడేది కనుక అది ఉమ్మడిదయింది, ఉమ్మడిది కనుక సాధారణమైనదయింది, చివరికి చప్పటిది అన్న నేటి అర్థం స్థిరపడింది. ఫ్రెంచి విప్లవం ఆ భూస్వామ్య హక్కులను రద్దు చేసింది. పదం మాత్రం సాహిత్య విమర్శలో కొత్తదనం లేని రచనకు విశేషణంగా మిగిలింది. నిర్బంధం నిత్యకృత్యమైతే దానిలోని బలప్రయోగం కనుమరుగై మామూలుగా తోస్తుందనడానికి ఈ ఒక్క పదచరిత్రే నిదర్శనం.

చర్చి ఈ పదాన్ని మరొక దిశలో నడిపింది. పెళ్లికి ముందు వధూవరుల పేర్లను చర్చిలో బహిరంగంగా చదివి, అభ్యంతరం ఉన్నవారు చెప్పాలని కోరే ప్రకటనలను ఆంగ్లంలో 'బ్యాన్స్' అంటారు. 1215లో నాలుగవ లాటరన్ మహాసభ ఈ ఆచారాన్ని పాశ్చాత్య క్రైస్తవ ప్రపంచమంతటా తప్పనిసరి చేసింది. ఇంగ్లండులో 1753 నాటి వివాహ చట్టం ప్రకారం ఈ ప్రకటనలుగాని, వాటికి బదులుగా ప్రత్యేకానుమతిగాని లేని పెళ్లి చెల్లేది కాదు. ఇక్కడ 'బ్యాన్' పెళ్లిని ఆపదు. అడ్డు చెప్పే అవకాశాన్ని అందరికీ ఇస్తుంది. చాటింపుకు రెండు ముఖాలున్నాయని ఈ ఆచారం స్పష్టం చేస్తున్నది. చాటేవాడు శాసిస్తాడు, నిజమే. కాని చాటాడు కనుకనే విన్నవాడికి ఎదురుచెప్పే వీలు కలుగుతుంది.

4. శాపం, వెలి, నిషేధం

నేటి నిషేధార్థం ఆంగ్లంలో స్థిరపడడానికి రెండు ప్రభావాలు తోడ్పడినట్లు కనిపిస్తున్నది. పాత నార్స్ 'బన్న'కు శపించు, నిషేధించు అనే అర్థాలుండేవి. పాత ఫ్రెంచి 'బన్'కు దేశబహిష్కారం అనే అర్థం కూడా ఉండేది. పన్నెండో శతాబ్ది నాటికి ఆంగ్ల క్రియకు శపించడం అనే అర్థం ఏర్పడింది. పద్నాలుగో శతాబ్ది చివరకు వద్దని శాసించడం అనే అర్థం చేరింది. షేక్స్పియర్ 'హామ్లెట్'లోని అంతర్నాటకంలో, విషం పోసే ఘట్టంలో, ఈ పదం శాపార్థంలోనే ప్రయుక్తమైంది. జర్మన్‌లో 'బన్' చర్చి వెలికి పేరు. 1521లో మార్టిన్ లూథర్‌ను మొదట పోపు చర్చి నుంచి వెలివేయగా, అదే ఏడు వర్మ్స్ శాసనం అతణ్ని సామ్రాజ్య చట్టరక్షణకు దూరం చేసింది.

వెలిపడిన మనిషి స్థితిని ఈ పదం ఆధారంగా తాత్త్వికంగా వివరించినవాడు ఇటాలియన్ తత్త్వవేత్త జార్జో అగాంబెన్. 'హోమో సాకెర్' గ్రంథంలో, జాన్ లుక్ నాన్సీ ఆలోచనను అందిపుచ్చుకొని, అతడు 'అబ్యాండన్' అనే పదాన్ని దాని మూలంలోని 'బన్'తో కలిపి చదివాడు. 'బన్'కు గురైనవాడు చట్టానికి కేవలం వెలుపల ఉండడు. చట్టం అతణ్ని వదిలివేస్తూనే తన గుప్పిట ఉంచుకుంటుంది. పాత ఫ్రెంచిలో 'ఆ బన్దోన్' అంటే ఒకరి ఇష్టానికి, ఒకరి అధికారానికి లోబడి అని అర్థం. అంటే విడిచిపెట్టడం, అధీనంలో ఉంచుకోవడం అనే విరుద్ధార్థాలు ఒకే మాటలో నిలిచాయి. ఫ్రెంచి 'బాన్ల్యూ' కూడా ఇటువంటిదే. నగరాధికారం చెల్లే లీగు దూరపు పరిధికి అది మొదటి పేరు. నేడు పేదలూ వలస కుటుంబాలూ నివసించే శివారుపేటలకు అదే పేరు పడింది.

5. తెలుగు పదాల తీరు

తెలుగులో ఈ భావక్షేత్రం ఎలా విస్తరించిందో ఇప్పుడు చూద్దాం. దేశ్య వ్యాకరణంలో వారించడానికి 'వలదు', 'కూడదు', 'రాదు' అనే వ్యతిరేక రూపాలున్నాయి. 'వలయు' అనే కోరికను కాదంటే 'వలదు'. అదే 'వద్దు' అయింది. పొసగడం అనే అర్థమున్న 'కూడు'ను కాదంటే 'కూడదు'. వీటిలో ఆజ్ఞాపించే కర్త కనబడడు. 'చేయకూడదు' అన్న వాక్యం వద్దన్నదెవరో చెప్పదు. ఆ పని లోకరీతికి పొసగదని మాత్రం చెబుతుంది. అందుకే అది ఆచారాన్ని చెప్పడానికి అనువైన రూపం. 'వద్దు' మాత్రం భిన్నమైనది. అది ఎవరి నోటనైనా పలుకుతుంది. తల్లి బిడ్డకు చెప్పవచ్చు. ప్రజ ప్రభువుకూ చెప్పవచ్చు. గరిమెళ్ల సత్యనారాయణను వలస ప్రభుత్వం జైలుకు పంపడానికి కారణమైన పాట పేరులోనే ఈ 'వద్దు' ఉంది. అధికారం చాటే నిషేధానికి అధికారం లేనివారి జవాబు ఆ చిన్న క్రియ.

కట్టు అనే ధాతువు నుంచి 'కట్టడి', 'కట్టుబాటు' ఏర్పడ్డాయి. 'కట్టడి'కి ఏర్పాటు, నియమం అనే పాత అర్థాలున్నాయి. 2020లో కరోనా వ్యాప్తి కాలాన పత్రికలు దాన్ని రోగవ్యాప్తిని ఒక హద్దులో బంధించడం అనే అర్థంలో విరివిగా వాడాయి. 'కట్టుబాటు'లో కట్టినవారూ కట్టుబడినవారూ ఒకరే కావచ్చు. ఊరంతా కలిసి చేసుకున్న ఒప్పందం కూడా కట్టుబాటే. ఇక 'ఆన' అన్నది 'ఆజ్ఞ'కు వికృతి. దానికి ఆజ్ఞ, ఒట్టు అనే రెండర్థాలూ ఉండడం వల్ల 'బ్యాన్' మూలార్థానికి తెలుగులో అతి సమీపంగా నిలిచే మాట అదే. కాని నేటి వ్యవహారంలో అది దాదాపు జారిపోయింది.

'నిషేధం' విషయం సంక్లిష్టమైనది. 'ని' ఉపసర్గతో కూడిన 'సిధ్' ధాతువుకు మరల్చు, వారించు అని అర్థం. ధాతువులో పలుకు లేదు. అయితే మీమాంసకులు వేదభాగాలను విధి, మంత్రం, నామధేయం, నిషేధం, అర్థవాదం అని విభజించినప్పుడు, పురుషుణ్ని ఒక పని నుంచి మరల్చే వాక్యాన్నే నిషేధమన్నారు. వారి దృష్టిలో నిషేధం ఒక స్థితి కాదు, ఒక వాక్యం. వాక్యం కనుకనే దానికి అర్థనిర్ణయం అవసరమైంది. నఞర్థం క్రియతో అన్వయిస్తుందా, నామంతో అన్వయిస్తుందా అన్న విచారణ నుంచి ప్రసజ్యప్రతిషేధం, పర్యుదాసం అనే భేదాలు పుట్టాయి. నిషేధించడమంటే భాషతో ఒక పని చేయడమని, కనుక దాన్ని భాషగానే పరీక్షించాలని మన శాస్త్రసంప్రదాయం ఎప్పుడో గ్రహించింది. ఆంగ్ల తత్త్వవేత్త జె.ఎల్. ఆస్టిన్ 1955లో ఇచ్చిన ఉపన్యాసాల్లో, పలకడమే పని అయ్యే వాక్యాల గురించి చేసిన ప్రతిపాదనతో ఈ దృష్టిని పోల్చి చూడవచ్చు.

నేటి పత్రికాభాషలో ఆ వాక్యం అదృశ్యమైంది. 'నిషేధం ఉంది', 'నిషేధం కొనసాగుతోంది', 'నిషేధం అమలులో ఉంది' అన్న ప్రయోగాల్లో అది వాతావరణం వంటి ఒక స్థితి. ఎవరు పలికారు, ఏ కారణం చెప్పారు అన్న ప్రశ్నలకు వాక్యంలో చోటు లేదు. ఆంగ్ల 'బ్యాన్' నేటి వాడుకలో ఇదే స్థితికి చేరింది. కాని దాని పదకుటుంబం మూలాన్ని గుర్తుచేస్తూనే ఉంటుంది. 'నిషేధం'కు అటువంటి తోడు లేదు.

6. చాటింపు ఎవరి గొంతు?

ఊరి వెలుపలికి తోయడాన్ని తెలుగు 'వెలి' అంటుంది. ఒక కుటుంబాన్ని వెలివేయడం శిక్ష. కొన్ని కులాలకు వెలివాడ పుట్టుకతోనే విధించిన చోటు. 'బన్' గురించి అగాంబెన్ చెప్పిన ద్వంద్వస్థితి వెలివాడకు అక్షరాలా వర్తిస్తుంది. ఊరు దాన్ని బయట ఉంచుతుంది, కాని దాని శ్రమను వదులుకోదు. తెలుగు గ్రామవ్యవస్థ ఇంకొక విశేషాన్ని చూపుతుంది. ఊరి పెద్దల ఆజ్ఞలను డప్పు కొట్టి చాటే పని వెలివాడలోని మాదిగలది. ఆజ్ఞ ఊరిది, గొంతు వెలివాడది. ఐరోపా పదచరిత్రలో చాటేవాడూ శాసించేవాడూ ఒకే అధికారానికి చెందినవారు. ఇక్కడ శాసనానికి గొంతునిచ్చినవాడే ఆ శాసనానికి మొదటి బాధితుడు.

ఈ నేపథ్యంలో 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన మాదిగ రిజర్వేషన్ పోరాట ఉద్యమం 'దండోరా' పేరుతో ప్రసిద్ధమవడం అర్థవిపరిణామ దృష్టితోనూ ముఖ్యమైన ఘటన. ఇతరుల ఆజ్ఞను మోసిన చాటింపు తమ హక్కును చాటేదిగా మారింది. 2016 జనవరిలో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో వసతిగృహం నుంచి బహిష్కరణకు గురైన దళిత విద్యార్థుల నిరసన శిబిరం 'వెలివాడ' పేరు ధరించింది. పాలనాభాషలో జరిగిన ఒక క్రమశిక్షణ చర్యకు దాని సామాజికార్థాన్ని ఆ పేరు బహిరంగంగా చదివి వినిపించింది. రెండు సందర్భాల్లోనూ అణచివేతను మోసిన పదమే చాటింపుగా తిరిగి వచ్చింది.

మద్యనిషేధ చరిత్ర కూడా ఈ కోణంలో చూడదగినది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు తమ ఊళ్లో సారా అమ్మకాన్ని ఆపించినప్పుడు వారి చేతిలో ఏ చట్టమూ లేదు. వారిది 'వద్దు' అన్న మాట, ఊరి కట్టుబాటు. అది రాష్ట్రమంతటా పాకాక 1993 అక్టోబరు 1న ప్రభుత్వం సారాను నిషేధించింది. 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్యనిషేధం అమలుకు వచ్చింది. 1997లో అది సడలింది. ప్రభుత్వ ఉత్తర్వుకూ స్త్రీల తీర్మానానికీ 'నిషేధం' అన్న ఒకే పేరు పెట్టినప్పుడు, ఒకటి రద్దయితే రెండోదీ రద్దయినట్లు తోస్తుంది. కాని ఉత్తర్వును వెనక్కి తీసుకొనే అధికారం ప్రభుత్వానికి ఉన్నట్లుగా, 'వద్దు'ను వెనక్కి తీసుకొనే అధికారం దానికి లేదు.

7. చాటని నిషేధం

పుస్తకాల విషయంలో ఈ భేదం మరింత సూక్ష్మమైనది. ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి'ని మద్రాసు ప్రభుత్వం నిషేధించిందని సాహిత్యచరిత్రల్లో చదువుతాం. స్వతంత్ర భారతంలోనూ నిషిద్ధ గ్రంథాల గురించి మాట్లాడతాం. అయితే నేర విచారణ స్మృతి 95వ సెక్షన్‌లో ఉన్నది పుస్తకాన్ని 'నిషేధించే' అధికారం కాదు, ప్రతులను జప్తు చేసుకొనే అధికారం. ప్రభుత్వం తన అభిప్రాయానికి ఆధారాలు పేర్కొంటూ నోటిఫికేషన్ ద్వారా జప్తును ప్రకటించాలి. ఆ ప్రకటన వెలువడిన రెండు నెలల్లోపు, ఆసక్తి గల ఎవరైనా హైకోర్టులో దాన్ని సవాలు చేయవచ్చు. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోనూ ఈ ఏర్పాటు కొనసాగుతున్నది. ప్రకటన, కారణం, ఎదురుచెప్పే గడువు అనే ఈ మూడు అంశాలూ పెళ్లి 'బ్యాన్స్'లో మనం చూసిన నిర్మాణాన్నే గుర్తుకు తెస్తాయి.

దీనికి భిన్నమైనది అంతర్జాలంలో సమాచారాన్ని అడ్డుకొనే విధానం. సమాచార సాంకేతిక చట్టం 69ఎ సెక్షన్ కింద 2009లో రూపొందిన నియమాల్లో పదహారవది, వచ్చిన ఫిర్యాదులనూ తీసుకున్న చర్యలనూ గోప్యంగా ఉంచాలంటున్నది. ఒక పుట తెరుచుకోదు. ఎందుకో పాఠకుడికి తెలియదు. 2020 జూన్ 29న 59 యాప్‌ల మీద విధించిన ఆంక్షను మాత్రం ప్రభుత్వం బాహాటంగా ప్రకటించింది. రెండింటినీ తెలుగులో 'నిషేధం' అనే అంటున్నాం. మొదటిది శబ్దార్థాన్ని బట్టి 'బ్యాన్' కాదు, నిరోధం. ధాతువును బట్టి చూసినా 'రుధ్' అడ్డుకోవడం. దానికి మాటతో పనిలేదు.

జమ్మూ కాశ్మీర్‌లో 2019 ఆగస్టులో విధించిన ఆంక్షలకు సంబంధించిన అనురాధా భసీన్ కేసులో, 2020 జనవరి 10న సుప్రీంకోర్టు, 144వ సెక్షన్ కింద జారీ చేసే నిషేధాజ్ఞలనూ అంతర్జాల సేవలను నిలిపివేసే ఉత్తర్వులనూ ప్రభుత్వం ప్రచురించాలని నిర్దేశించింది. ప్రజలకు తెలియని ఉత్తర్వును న్యాయస్థానంలో ప్రశ్నించడం సాధ్యం కాదన్నదే ఆ నిర్దేశం వెనుక ఉన్న తర్కం. భాషాచరిత్ర చెప్పేదీ అదే. చాటింపు లేని 'బ్యాన్' తన పేరును కోల్పోతుంది. దానితోపాటు పౌరుడు తన ప్రశ్నను కోల్పోతాడు.

8. ముగింపు

ఈ పరిశీలన నుంచి నిఘంటుకారులకూ అనువాదకులకూ ఉపకరించే కొన్ని సూచనలు చేయవచ్చు. అధికారం ప్రకటించి, కారణం చెప్పి విధించినదానికి 'నిషేధం' అన్న పదాన్ని పరిమితం చేయడం మేలు. ప్రకటన లేకుండా అడ్డుకున్నదాన్ని 'నిరోధం' అనడం సముచితం. మనిషిని సమాజం నుంచి తోసివేయడానికి 'వెలి' అన్న మాట ఉండగా, అక్కడ 'నిషేధం' వాడితే క్రౌర్యం మరుగునపడుతుంది. అధికారం లేని సమూహం తనకు తానుగా తీసుకున్న నిర్ణయం 'కట్టుబాటు' లేదా 'వద్దు'. ఆంగ్ల 'బ్యాన్'కు ఇవన్నీ సందర్భానుసారం సమానార్థకాలు కావచ్చు. ఏదీ అన్ని సందర్భాల్లోనూ సమానార్థకం కాదు. నిఘంటువు ఈ మాటలను వరుసగా పేర్చి ఊరుకోకుండా, ప్రతిదానిలో పలికేవారెవరో సూచించే ప్రయోగాన్ని జతచేస్తే పాఠకుడికి దారి దొరుకుతుంది.

వాక్యరచనలోనూ ఒక చిన్న మార్పు అవసరం. 'నిషేధం ఉంది' అనడానికి బదులు 'ఫలానావారు ఫలానా కారణంతో నిషేధించారు' అని రాస్తే, మీమాంసకులు నిషేధంలో చూసిన వాక్యం తిరిగి వెలుగులోకి వస్తుంది. కర్త కనబడిన వాక్యాన్నే ప్రశ్నించగలం.